బాలుర రచనాభ్యాసము – వ్యాకరణమునకుఁ దగు స్థానము

కుండతోఁ బనిగలవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి కుండను జేయించుకొనునట్లు, శబ్దములతోఁ బనిగలవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి శబ్దములను జేయించుకొనఁడని పతంజలి మహాభాష్యపుఁ బస్పశాహ్నికమునఁ జెప్పియున్నాఁడు. లోకము శబ్దములను ముందే ప్రయోగించుచుండును. వానిలో సాధువు లెవ్వి, యసాధువు లెవ్వి యని శాస్త్రము పిదప నియమించును. ప్రయోగము ముందు, అన్వాఖ్యానము వెనుక. ఈ క్రమము వ్యాకరణము చదివినవారి కెల్లఁ దెలిసినదే. అయినను బాలునకు వ్రాఁత నేర్పుటకడ నిది తలక్రిందగుట పాఠశాలలలోఁ బరిపాటి. సంధిసమాసముల లక్షణములు ముందు; వాక్యభేదములు పిదప; పరీక్ష సమీపించినపుడు 'వర్షాకాలము', 'గ్రంథాలయముల ప్రయోజనము' వంటి విషయముపై నొక వ్యాసము. ఆ వ్యాసమునైనను బాలుఁడు తాను గూర్చుట యరుదు. నల్లబల్లపై నున్నదానిని ఎత్తి వ్రాసికొని కంఠస్థము చేయును. గురువు ఎఱ్ఱసిరాతో దోషములను దిద్దును. బాలుఁడు మార్కును మాత్రము చూచుకొని పుస్తకము మూయును. ఆ దిద్దుబాటు గురువునకు శ్రమ, శిష్యునకు నిష్ఫలము.

ఈ క్రమమును మరల నిలువఁబెట్టఁ బూనిన పద్ధతి యొకటి గత యేఁబది సంవత్సరములలో అమెరికా సంయుక్తరాష్ట్రముల పాఠశాలలందు బయలుదేఱి వ్యాపించినది. దానిని వారు 'రైటింగ్ వర్కుషాపు' అందురు. తెలుఁగున రచనాకర్మశాల యనవచ్చును. దాని స్వరూప మెట్టిది, అందు వ్యాకరణమునకుఁ జోటు కలదా, మన యాలంకారికులు చెప్పిన యభ్యాసక్రమముతో దాని కెంతమాత్రము పోలిక, తెలుఁగు తరగతిలో నది యెంతవఱకుఁ జెల్లును అను నంశము లిందు విచారింపఁబడును.

పద్ధతి పుట్టుక

1971లో జానెట్ ఎమిగ్ అను విదుషి పండ్రెండవ తరగతి విద్యార్థులను గొందఱను, మనస్సునఁ దోఁచినదానిని బైకిఁ జెప్పుచు వ్రాయుఁడని కోరి, వారి రచనావిధానమును బరిశీలించి గ్రంథముగాఁ బ్రకటించెను. ముందు సంగ్రహము వేసికొనుట, పిదప దానిని విస్తరించుట, తుదకు శుద్ధప్రతి వ్రాయుట యని పాఠ్యపుస్తకములు చెప్పు మెట్లు వాస్తవమున నట్లు వరుసగా నుండవని యందుఁ దేలినది. వ్రాయువాఁడు ముందునకుఁ బోవుచు, వెనుకకు మరలుచు, వ్రాయుచునే తలంచుచుండును. మఱుసటి యేఁడు డొనాల్డు మర్రే అను నాతఁడు, రచనను సిద్ధమైన వస్తువుగాఁ గాక జరుగుచున్న క్రియగా బోధింపవలయునని యొక చిన్న వ్యాసమున వాదించెను. మర్రే మొదటఁ బత్రికారచయిత. సంపాదకీయములకై 1954లో పులిట్జరు బహుమానము నందినవాఁడు. పిదప న్యూహాంప్‌షైరు విశ్వవిద్యాలయమున నధ్యాపకుఁడు. అనుదినము వ్రాసి జీవించినవాని యనుభవము పాఠశాలకు వచ్చుట యిందలి విశేషము.

ఆ విశ్వవిద్యాలయముననే పనిచేసిన డొనాల్డు గ్రేవ్స్ ఈ భావమును జిన్నపిల్లల తరగతికిఁ గొనివచ్చెను. 1978 మొదలు 1980 వఱకు ఆయన, లూసీ కాల్కిన్స్, సూసన్ సోవర్స్ అను వారితోఁ గూడి, న్యూహాంప్‌షైరు రాష్ట్రమందలి యట్కిన్సన్ అను నూరి ప్రాథమికపాఠశాలలో, పిల్లలు వ్రాయుచుండఁగాఁ బ్రక్కనే కూర్చుండి పరిశీలించెను. ఆ పరిశీలనమే 1983లో వెలువడిన గ్రేవ్స్ గ్రంథమునకు మూలము. కాల్కిన్స్ 1981లో న్యూయార్కు నగరమునఁ గొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీయం దొక సంస్థను స్థాపించి యీ పద్ధతిని బహుపాఠశాలలకు వ్యాపింపఁజేసెను. 2023లో ఆ కాలేజీ యా సంస్థను ముగించుచున్నట్లు ప్రకటించినది. అయితే దానిపై వచ్చిన విమర్శలలో ముఖ్యమైనవి చదువుట నేర్పు విధానమును గూర్చినవి, వ్రాయుట నేర్పుటను గూర్చినవి కావు. మెయిన్ రాష్ట్రమున నెనిమిదవ తరగతికిఁ జెప్పుచుండిన నాన్సీ ఆట్‌వెల్ ఈ పద్ధతిని బెద్దపిల్లలకు ననువుపఱిచి 1987లో గ్రంథము వ్రాసెను. 2015లో 'గ్లోబల్ టీచర్ ప్రైజ్' అను పదిలక్షల డాలర్ల బహుమానము మొదటిసారిగా నామెకు లభింపఁగా, ఆ ధనమును దాను స్థాపించిన పాఠశాలకే యిచ్చెను.

కర్మశాల స్వరూపము

పేరే యీ పద్ధతికి లక్షణము. వడ్రంగులు పనిచేయుచోట నొకఁడు చెక్కకుఁ జిత్రిక పట్టుచుండును, ఒకఁడు కొలఁత వేయుచుండును, ఒకఁడు ఉలితోఁ దొలుచుచుండును. మేస్త్రి యొకనికడనుండి యొకనికడకుఁ దిరుగుచుండును. అందఱి చేతను ఒకే వస్తువుండదు, ఒకే దశలోను ఉండదు. రచనాకర్మశాలయు నట్టిదే. ఒక బాలుఁడు విషయము వెదకుచుండును. ఒకఁడు తొలిప్రతి వ్రాయుచుండును. ఒకఁడు వ్రాసినదానిని గొట్టివేసి తిరిగి వ్రాయుచుండును. ఒకఁడు తుదిప్రతిలోఁ దప్పులు చూచుకొనుచుండును.

దినచర్య స్థూలముగా నాలుగు భాగములు. మొదటిది చిన్నపాఠము: ఐదు మొదలు పది నిమిషములలో గురువు ఒక్కటే యంశమును జెప్పును. నేఁడు కథ నెచ్చట నారంభింపవలయునన్నది. ఱేపు సంభాషణమును వ్రాయునపుడు పెట్టవలసిన గుర్తులు. ఆ యంశము క్రిందటిదినము పిల్లల కాగితములలోఁ గనఁబడిన కొఱతనుండియే యెన్నుకొనఁబడును. రెండవది ఆట్‌వెల్ తరగతిలోఁ బ్రసిద్ధమైన పిలుపు: గురువు పట్టిక చేతఁబట్టుకొని పేరు పిలువఁగా నొక్కొక్కరును దామా దినమునఁ జేయఁబోవు పనిని ఒక్క మాటలోఁ జెప్పుదురు, దానికిఁ బట్టునది రెండుమూఁడు నిమిషములు. మూఁడవది వ్రాఁత, ఇదియే ప్రధానము. అరగంటగాని యంతకు మించిగాని పిల్లలు వ్రాయుచుందురు. గురువు వారి ప్రక్కఁ జేరి యొక్కొక్కనితో నిమిషము రెండునిమిషములు మాటలాడును. ఈ మాటలలో రెండు నియమములు. కలము బాలుని చేతనే యుండవలయును; గురువు మొదట నడుగవలసినది తప్పును గూర్చి కాదు, విషయమును గూర్చి. నాలవది వినుట: ఒకరిద్దఱు తాము వ్రాసినది చదువుదురు, తోడివారు తమకు వినఁబడినదానిని జెప్పి, తెలియనిదాని నడుగుదురు.

విషయమును బాలుఁడే యెన్నుకొనవలయును. వారమునకు నాలుగు దినములకుఁ దక్కువ గాకుండ వ్రాయవలయునని గ్రేవ్స్ నిర్దేశించెను. ఱేపును వ్రాయవలసియున్నదని యెఱిఁగినవాఁడే యింటికిఁ బోవునపుడును దన విషయమును దలఁచుకొనును; నెలకొకసారి వ్రాయువానికిఁ దలఁచుకొనుట కేమియు నుండదు. ప్రతిబాలునకు నొక అట్టసంచి యుండును. అందుఁ దొలిప్రతులన్నియు దాఁచఁబడును. అట్ట కొకప్రక్క వ్రాసిన వాని పేర్లు, మఱొకప్రక్క బాలుఁడు నేర్చి తన బాధ్యతగాఁ గైకొన్న నియమములు వరుసగా నుండును.

ఒక యుదాహరణము

వ్యాకరణ మిందెక్కడ వచ్చుననుటకుఁ దెలుఁగుననే యొక యుదాహరణమును గల్పించుకొని చూడవచ్చును. ఐదవ తరగతి బాలుఁ డొకఁ డిట్లు వ్రాసెననుకొనుఁడు: "మేము తాతగారి ఊరు వెళ్లాము. అక్కడ మామిడితోట ఉంది. కాయలు కోశాము. చాలా బాగుంది. మళ్లీ ఇంటికి వచ్చాము." ఇందుఁ దప్పు లేదు, ఉన్నది యేమియు లేదు. ఎఱ్ఱసిరాకుఁ బనిలేదు. కర్మశాలలోని గురువు ప్రక్కఁ గూర్చుండి "కాయలు ఎలా కోశారురా?" యని యడుగును. "తాత దోటితో కోశాడండీ. నేను చెట్టెక్కాను. కొమ్మకు ఎర్రచీమల గూడు ఉంది. ఒళ్లంతా పాకేశాయి." "మరి ఇదంతా కాగితంలో ఏదీ?" "అది కూడా రాయొచ్చాండీ?" ఈ తుదిప్రశ్నలోనే మన వ్యాసబోధనపై విమర్శ యంతయు నున్నది. తనకుఁ దెలిసినది వ్రాయఁదగినది కాదని యా బాలుఁ డెవ్వరును జెప్పకయే నేర్చికొన్నాఁడు.

రెండవ ప్రతిలో వాఁడు దోటిని, చీమలను దెచ్చును. వానితోఁ గూడఁ దప్పులును వచ్చును. "నేను చెట్టెక్కి తాత కేకవేశాడు. కొమ్మ విరిగి నేను కింద పడ్డాను." మొదటివాక్యము చెవికిఁ గుంటువడుచున్నది, రెండవది సరిగా నున్నది. రెంటను క్త్వార్థకమే, రెంటను గర్తలు వేఱే. భేద మేమి? ఇచట వైయాకరణునకుఁ బని కలిగినది. రెండు క్రియలకుఁ గర్త యొకఁడే యైనపుడు పూర్వకాలక్రియకు క్త్వాప్రత్యయమని పాణినీయవిధి. తెలుఁగు క్త్వార్థకమునకును సామాన్యముగా నదియే మర్యాద. అయినను బూర్వక్రియ పరక్రియకుఁ గారణమగుచోటఁ గర్తృభేదమును దెలుఁగువాడుక సహించును. 'వాన కురిసి చెఱువు నిండెను' అందుము. కొమ్మ విఱుగుట పడుటకుఁ గారణము గనుక రెండవవాక్యము చెల్లినది. చెట్టెక్కుట తాత కేకవేయుటకు సందర్భమే కాని యా విధముగా నతని క్రియను గలిగించునది కాదు. కావున నచట 'ఎక్కగానే' యనవలయును. గురువు బాలునకు లక్షణమును వల్లింపఁ బనిలేదు. "ఎక్కింది ఎవరు? కేక వేసింది ఎవరు?" అను రెండు ప్రశ్నలు చాలును. బాలుఁడే దిద్దుకొనును, అట్టపై 'ఇద్దరు చేసిన పనులు కలిపేటప్పుడు చూసుకోవాలి' అని తన మాటలలో వ్రాసికొనును. అదేవిధముగా 'కధ', 'బాద' యని చెవికిఁ దోఁచినట్లు వ్రాసినవాఁడు, తుదిప్రతి గోడకుఁ దగిలింపఁబడి తోడివారు చదువుదురని తెలిసినపుడు 'కథ', 'బాధ' యని వ్రాయుటకు శ్రద్ధ వహించును. అక్షరశుద్ధి యంటే వానికి శిక్ష కాదు, చదువరికిఁ జేయు మర్యాద.

ఈ యుదాహరణమువలన నొకటి స్పష్టము. కర్మశాల వ్యాకరణమును వెడలఁగొట్టలేదు. దాని స్థానమును మార్చినది. లక్షణము లక్ష్యమునకు ముందు గాక, బాలుని సొంతవాక్యమే లక్ష్యముగా దాని వెనుకఁ బోవుచున్నది. ఇట్టి తరగతిలో గురువునకుఁ గావలసిన వ్యాకరణజ్ఞానము తక్కువ కాదు, హెచ్చు. పుస్తకమునందలి వరుసనుబట్టి చెప్పువానికి నాఁటి పాఠము తెలిసిన జాలును; బాలుని వాక్యమును జూచి యప్పటికప్పుడు మూలమును బట్టుకొనవలసినవానికి శాస్త్రమంతయుఁ గరతలామలకము గావలయును.

ఆలంకారికుల యభ్యాసక్రమము

ఈ విధాన మంతయుఁ బండితులకుఁ గ్రొత్తది కాదు. 1916లో గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలకుఁ బ్రథమగ్రంథముగా బరోడాలో ముద్రితమైన రాజశేఖరుని కావ్యమీమాంస పదియవ యధ్యాయమునఁ గవి దినచర్య చెప్పఁబడినది. పగటి నాలుగు జాములలో మొదటిది విద్యాపరిశీలనకు, రెండవది కావ్యరచనకు, భోజనానంతరము మూఁడవది కావ్యగోష్ఠికి, నాలవది యుదయమున వ్రాసినదానిని ఒంటిగాఁ గాని కొలఁదిమందితోఁ గాని పరీక్షించుటకు. పరీక్ష వేఱొక జాముననే యేల? రసావేశమున వ్రాయుచున్నవానికి వివేచనదృష్టి యుండదు గనుక, పిదపనే చూచుకొనవలయునని యాతఁడు హేతువును జెప్పెను. అధికమైనదానిని ద్రోసివేయుట, తక్కువయైనదానిని బూరించుట, చోటుతప్పినదానిని మార్చుట, మఱచినదానిని స్మరించుట యని యా పరీక్షలోని పనులను గూడ వేర్వేఱుగా లెక్కించెను. పలక, బలపము, కలము, సిరా, తాటియాకులు, ఇనుపగంటము మొదలగు సాధనములు కవి కెల్లప్పుడు చేరువ నుండవలయు నన్నాఁడు. అట్టసంచియు వ్రాఁతబల్లయు నీ జాబితాకుఁ జేరినవే.

వామనుఁడు కావ్యాలంకారసూత్రవృత్తిలోఁ గావ్యాంగములను జెప్పుచు లక్ష్యజ్ఞత్వము, అభియోగము, వృద్ధసేవ, అవేక్షణము మున్నగువానిని బేర్కొనెను. అవేక్షణమనఁగాఁ బదములను బెట్టుట, తీయుట. అభియోగమనఁగా రచనకై పూనిక. మమ్మటుఁడు కావ్యప్రకాశమున శక్తి, నిపుణత యనువానితోఁ బాటు, కావ్యజ్ఞుల శిక్షణమున నభ్యాసమును హేతువునందుఁ జేర్చెను. మూవురి మాటలలోను అభ్యాస మనునది లక్షణపఠనము కాదు. వ్రాయుట, వ్రాసినదానిని దెలిసినవారియెదుటఁ జూచుకొనుట.

సామ్యముండుటఁ జూచి యా పద్ధతి యిచ్చటినుండి పోయినదని చెప్పుట తగదు. వైషమ్యమును గలదు. రాజశేఖరాదులు చెప్పినది శాస్త్రములు చదివిన కవినిగూర్చి. గ్రేవ్స్ చెప్పినది ఆఱేండ్ల పిల్లవానినిగూర్చి. కవికి మొదటిజాము విద్యాపరిశీలనకు విడువఁబడినది. కర్మశాలలో నా స్థానమున నున్నది పదినిమిషముల పాఠము మాత్రమే. ఈ భేదము చిన్నది కాదు. ముందు చెప్పఁబోవు నాక్షేపమునకు మూల మిదియే.

ఆక్షేపములు, పరీక్షలు

వ్యాకరణమును విడిగాఁ జెప్పుటవలన వ్రాఁత బాగుపడునా యను ప్రశ్నను అమెరికాలోఁ బలుమాఱులు పరీక్షించి చూచిరి. 1963లో బ్రాడక్, లాయిడ్-జోన్స్, షోయర్ అను మువ్వురు పూర్వపరిశోధనలను సమీక్షించి, యట్టి బోధనవలన రచనకుఁ గలుగు మేలు లెక్కింపఁదగినంత లేదనియు, అది వ్రాయుటకుఁ గావలసిన కాలమును హరించుటచేఁ గీడైనఁ జేయవచ్చుననియుఁ దేల్చిరి. ఇచటి హేతువును గమనింపవలయును. కీడు చేయునది వ్యాకరణము కాదు, దానికై పోఁగొట్టుకొనఁబడిన యభ్యాసకాలము.

అయితేఁ బిల్లలను స్వేచ్ఛగా వ్రాయవిడిచిన జాలునా? చాలదు. 1986లో జార్జి హిల్లాక్స్ పరిశోధనలను గూర్చి చూచి, గురువు పెద్దగాఁ దలదూర్చని సహజపద్ధతికంటె, గురువు స్పష్టమైన కార్యము నేర్పఱచి పిల్లలచేతఁ జర్చించి సాధింపఁజేయు పద్ధతియే మేలని తేల్చెను. 2007లో స్టీవ్ గ్రేహమ్, డొలోరెస్ పెరిన్ నాలుగు మొదలు పండ్రెండు తరగతులపై జరిగిన పరీక్షలను సంకలించిరి. భేదమేమియు లేనిచో సున్నయు, మేలు కలిగిన ధనసంఖ్యయు, కీడు కలిగిన ఋణసంఖ్యయు వచ్చు కొలమానమున వారికిఁ గనఁబడిన ఫలము లివి: విడి వ్యాకరణపాఠమునకు ఋణము 0.32, రచనాక్రియాపద్ధతికి ధనము 0.32, చిన్నవాక్యములను గలిపి పెద్దవాక్యము చేయించు నభ్యాసమునకు 0.50, తోడివారితోఁ గూడి వ్రాయుటకు 0.75, యోచించుట, వ్రాయుట, సంస్కరించుట యనువాని యుపాయములను విప్పి నేర్పుటకు 0.82. అనఁగాఁ గర్మశాల మేలు చేయును గాని, తనంతఁ దాను జేయు మేలు స్వల్పము. ఆ కర్మశాలలో గురువు నేర్పుటనుబట్టి యది పెరుఁగును. వాక్యసంయోజన మీ జాబితాలో ధనపక్షమున నుండుట వైయాకరణులు గుఱుతింపవలసినది. క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము, ధాతుజవిశేషణము ఇవియే కదా తెలుఁగున వాక్యములను గలుపునవి! ఇంగ్లండున ఎక్సెటరు విశ్వవిద్యాలయమున డెబ్రా మైహిల్ మొదలగువారు చేసిన పరీక్షలోఁగూడ, వ్రాఁతపనికి ముడిపెట్టి చెప్పిన వ్యాకరణము మేలు చేయుననియు, అప్పటికే బాగుగా వ్రాయువారికి నెక్కువ మేలు కలిగెననియుఁ దేలినది.

అన్నిటికంటె బలమైన యాక్షేపము లీసా డెల్‌పిట్ అను నాఫ్రో-అమెరికను అధ్యాపకురాలు 1986లోఁ జేసినది. గ్రంథభాష యింటనే వినుచుఁ బెరిగిన పిల్లలకు గురువు నియమములను విప్పి చెప్పకున్నను నష్టము లేదు. వారికవి యింటనే యబ్బును. ఇంటిమాట వేఱైన పిల్లలకు నియమములను జెప్పక 'నీ యిష్టము వచ్చినట్లు వ్రాయు'మనుట, తలుపుండియుఁ దాళపుఁజెవి దాఁచుట వంటిదని యామె వాదముయొక్క తాత్పర్యము. ఇది తెలుఁగువారు తేలికగాఁ ద్రోసివేయఁదగినది కాదు.

తెలుఁగు తరగతి

తెలుఁగుదేశమున బాలుర వ్యాసరచన మహావివాదమునకుఁ గారణమైన చరిత్ర కలదు. ఆంధ్రసాహిత్యపరిషత్తు 1911లో స్థాపితమైనది. గిడుగు రామమూర్తి 1913లోఁ బ్రకటించిన విజ్ఞాపనగ్రంథమును, తెలుఁగు వ్యాసరచనోపసంఘపు నివేదికపై గురజాడ అప్పారావు 1914లో సమర్పించిన యసమ్మతిపత్రమును, జయంతి రామయ్యపంతులు మొదలగువారి ప్రతివాదమును ఈ సందర్భముననే పుట్టినవి. బాలుఁ డే భాషలో వ్రాయవలయునన్నది యా వాదమునకుఁ బ్రధానవిషయము. ఎట్లు వ్రాయ నేర్చుననునది వెనుకఁబడినది. నేఁడు పాఠశాలలో వాడుకభాషయే యున్నది. అయినను వ్రాఁత కుదురలేదు. ఏ భాషలోనైనను ఎత్తివ్రాఁత యెత్తివ్రాఁతయే. పైగా నేఁటి పుస్తకభాషయును బెక్కుమంది పిల్లలకు నింటిభాష కాదు. మాండలికము లనేకము, కొండప్రాంతములందుఁ గువి, కోయ, సవర మాటలాడు పిల్లలకుఁ దెలుఁగే వేఱుభాష. వీరికి డెల్‌పిట్ చెప్పిన తాళపుఁజెవి యక్కఱ. తొలిప్రతిలో నింటిమాటకు నడ్డుచెప్పక, తుదిప్రతిలోఁ బుస్తకభాషామర్యాదను దాఁపక చెప్పుట రెండును గర్మశాలలో నిముడును.

కాలము, జనసంఖ్య యను రెండు చిక్కులు కలవు. నలువదిమంది తరగతిలో నలువదియైదు నిమిషముల గంటయే కలదనుకొందము. చిన్నపాఠమునకుఁ బది, తుదివినికిడికి నైదు పోఁగా ముప్పది నిమిషములు మిగులును. ఒక్కొక్కనితో మూఁడేసి నిమిషములు మాటలాడినను దినమునకుఁ బదుగురు; నాలుగు దినములలోఁ దరగతి యంతయు నొక చుట్టు వచ్చును. నలువది వ్యాసపుస్తకములను ఇంటికిఁ గొనిపోయి యెవ్వరును జూడని దిద్దుబాటును జేయుటకంటె నిది శ్రమ తక్కువ, ఫలము హెచ్చు. పాఠ్యభాగములను ముగింపవలసిన యొత్తిడిచే దినమునకొక గంట చిక్కకున్నచో, వారమున వరుసగా నాలుగు దినములు ఇరువదేసి నిమిషములైన విడువవలయును; తెంపులేని వరుసయే యిందు ముఖ్యము. మఱొకటి: గురువు తానును బిల్లలయెదుట వ్రాయవలయును. గురువు కొట్టివేఁతలను జూచిన బాలుఁడు తన కొట్టివేఁతకు సిగ్గుపడఁడు.

కుమ్మరి యింటఁ బెరుఁగు పిల్లవాఁడు మట్టిలక్షణమును ముందు వల్లించి పిదప సారె ముట్టఁడు. మట్టి పిసుకును, కుండ వంకరపోవును, తండ్రి చేయి పట్టి యంచు సరిచేసి, నీరెందుకు తక్కువయైనదో యప్పుడు చెప్పును. పతంజలి శబ్దములు కావలసినవానిని వైయాకరణుని యింటికిఁ బంపలేదు, నిజమే. కాని బాలునిచేతిలో శబ్దము వంకరపోయిన క్షణమునఁ బ్రక్కనుండి యంచు సరిచేయవలసినవాఁడు వైయాకరణుఁడే. వాని కాలమంతయు లక్షణములతో నింపక, వాని వాక్యముకొఱకు వేచియుండుటయే పండితునకు నేఁడు కావలసిన యోర్పు.